ధూర్జటి పేరిట అక్షరములు

శ్రీకాళహస్తీశ్వర శతకము చదివినవారికి ధూర్జటి రాజసేవను ఎంతగా నిరసించెనో తెలియును. ఆ కవి పేరు నేడొక కంప్యూటరు ఫాంటునకు కలదు. 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల దానిని రూపొందింపగా, అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర లోకమున కందించినది. పెద్దన, తిమ్మనల పేరిటను, సాక్షాత్తు రాయలవారి పేరిటను అట్టి ఫాంట్లు వెలసినవి.

తెలుగక్షరమును తెరపై నిలుపుట సులభము కాదు. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరములోనే తలపై గుడిదీర్ఘము, అడుగున తవత్తు, క్రావడి ఒకదానినొకటి ఒరసికొనకుండ ఇముడవలెను. ఇది యంత్రవిద్య మాత్రమే కాదు, చిత్రకళయు. ధూర్జటి ఫాంటు శీర్షికలకు, శుభలేఖలకు తగినది; దీర్ఘరచనలకు తగదు.

పూర్వము ఒక్కొక్క సంస్థ తన సొంత సంకేతములతో ఫాంట్లనమ్మెడిది. ఒకదానిలో కూర్చిన పాఠము, ఆ ఫాంటు లేనిచోట చదువ శక్యము కాకుండెడిది. యూనికోడు ఆ చిక్కును తొలగించినది. ఇక ధూర్జటి ఫాంటునకు వెలయు లేదు. శ్రీకాళహస్తిలోని బడిపిల్లవాడైనను దానిని గోడపత్రికకు వాడుకొనవచ్చును. విద్య నేర్చినచో, లైసెన్సు నియమములకు లోబడి, మార్చి పదుగురికి పంచవచ్చును. ప్రభువుల ప్రాపు కోరవలదన్న కవి పేరిటి అక్షరములకు ఎవరి ప్రాపును అక్కరలేకుండుట ఎంతయు ఉచితము.