బార్ మిట్జ్వాకు తేదీ ఎలా కుదురుతుంది?

యూదు మతంలో మగపిల్లవాడు 13 ఏళ్లు నిండగానే ధర్మవిధులకు తానే బాధ్యుడవుతాడు. ఈ దశనూ, దానిని పురస్కరించుకొని జరిపే వేడుకనూ బార్ మిట్జ్వా అంటారు. ఆడపిల్లల బాత్ మిట్జ్వాకు సంప్రదాయం విధించిన వయసు 12 ఏళ్లే. లెక్క హీబ్రూ పంచాంగానిది. అందులో సూర్యాస్తమయంతోనే కొత్త రోజు మొదలవుతుంది కనుక, రాత్రి ఎనిమిదింటికి పుట్టిన బిడ్డకు మరుసటి రోజు తేదీయే జన్మదినమవుతుంది.

తెలుగు పంచాంగంలోని అధికమాసం వంటిదే అక్కడా ఉంది: 19 ఏళ్లలో 7 సార్లు అదార్ అనే నెల రెండుగా వస్తుంది. అటువంటి ఏట మొదటి అదార్ 29న ఒకడు, రెండవ అదార్ 1న మరొకడు పుట్టి, 13 ఏళ్ల తరువాత అదార్ ఒక్కటే వస్తే, వెనుక పుట్టినవాడే నాలుగు వారాల ముందు పెద్దవాడవుతాడు. ఇంతకన్నా చిత్రమైన చిక్కు పంచాంగాల్లో అరుదు.

వేడుకలో ముఖ్యమైనది, సినగాగ్ అనే ప్రార్థనామందిరంలో ధర్మగ్రంథమైన తోరాను పఠించడం. ఏ వారానికి ఏ భాగమో ముందే నిర్ణయమై ఉంటుంది కనుక, తేదీని ఎంచుకోవడమంటే బాలుడు నెలల తరబడి వల్లె వేయవలసిన పాఠాన్ని ఎంచుకోవడమే. ఆ భాగాన్ని పఠించే శనివారం విశ్రాంతి దినం. నిష్ఠాపరులు ఆనాడు వాహనమెక్కరు, ఫొటోలు తీయరు. అందుకే తోరా పఠనం ఉండే సోమ, గురువారాల్లో జెరూసలేంలోని పశ్చిమ గోడ వద్ద బార్ మిట్జ్వాల సందడి కనిపిస్తుంది. వేడుకను తరువాతి రోజులకు వాయిదా వేసుకోవచ్చు గాని, అది జరిగినా జరగకపోయినా బాధ్యత మాత్రం వయసు నిండిన రోజునే వస్తుంది.