ఆరంకెల తాళంచెవి

పూర్వం ఇనప్పెట్టె తాళంచెవి అమ్మమ్మ కొంగున ముడివేసి వుండేది. దొంగ ఇంట్లోకి వచ్చినా ఆ ముడి విప్పందే పెట్టె తెరుచుకునేది కాదు. ఇప్పుడు నాన్నగారి డబ్బు బ్యాంకులో వున్నది. దాని తాళంచెవి సెల్‌ఫోనులో వున్నది. ఆ సెల్‌ఫోనేమో పాఠాలకనీ, ఆటలకనీ తరచు మీ చేతిలోనే వుంటున్నది!

ఆ తాళంచెవి ఎట్లా వుంటుందో తెలుసునా? చాలాసార్లు అది ఆరంకెల సంఖ్య. దాన్ని ఓ.టి.పి. అంటారు. అది ఒక్కసారికే పనికివస్తుంది. కొద్ది నిమిషాలలో చెల్లకుండా పోతుంది. 000000 మొదలు 999999 వరకు లెక్కవేస్తే ఇటువంటి సంఖ్యలు సరిగ్గా 10 లక్షలు. కనక దొంగ వూహించి ఆ సంఖ్య కనుక్కోవటం దాదాపు అసాధ్యం.

మరి దొంగ ఏం చేస్తాడు? మిమ్మల్నే అడుగుతాడు!

"బాబూ, బ్యాంకునుంచి మాట్లాడుతున్నాను. మీ నాన్నగారి ఖాతా ఆగిపోబోతున్నది. ఇప్పుడే వచ్చిన అంకెలు చదువు," అంటాడు. లేదా, "నీ ఆటలో వజ్రాలు ఉచితంగా ఇస్తాను," అంటాడు. తొందరపెట్టటం, భయపెట్టటం, ఆశపెట్టటం—ఈ మూడే వాడి పనిముట్లు. నిజమైన బ్యాంకువారు ఫోను చేసి ఆ అంకెలు ఎన్నడూ అడగరు. "డబ్బు పంపుతాను, పిన్ నొక్కు," అనేవాడి మాట కూడా అబద్ధమే. యు.పి.ఐ.లో డబ్బు పుచ్చుకోవటానికి పిన్ అక్కరలేదు, ఇవ్వటానికే కావాలి.

ఆటలో పరిచయమైన కొత్తవాడు మీ ఫోటో, బడి పేరు, ఇంటి చిరునామా అడిగినా ఇవ్వకండి. తెర వెనక వున్నది పన్నెండేళ్ళ పిల్లవాడో, నలభై ఏళ్ళ మనిషో మీకు కనిపించదు గదా! "ఇది మీ అమ్మకు చెప్పకు," అన్నాడా, వెంటనే అమ్మకు చెప్పవలసిన మాట అదే.

పొరపాటున అంకెలు చెప్పేశారనుకోండి. దెబ్బలు పడతాయని దాచకండి. పోయిన డబ్బు ఒక ఖాతానుంచి మరొక ఖాతాకు పరుగెత్తుతూ వుంటుంది. పెద్దవాళ్ళు వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే, ఇంకా దొంగ చేతికి చిక్కని డబ్బును బ్యాంకులు ఆపగలవు. ఆలస్యమైనకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తూ వుంటే 1098కి మీరే ఫోను చేయవచ్చు.

తల్లిదండ్రులకు ఒక్క మాట: పిల్లవాడు వచ్చి తప్పు చెప్పుకున్నప్పుడు ముందు ఫోను అందుకోండి, మందలింపు తరవాత. మొదటిసారే చెయ్యి చేసుకుంటే రెండోసారి వాడు మీకు చెప్పడు. దొంగకు కావలసింది ఆ మౌనమే.