నీలి గుమ్మటాల కింద గదులుండవు

శాంటోరిని అనగానే అందరికీ ఒకటే ఫొటో గుర్తొస్తుంది. తెల్లటి గోడలు, నీలి గుమ్మటం, అడుగున సముద్రం. హనీమూన్ ప్యాకేజీల ప్రకటనల్లో అదే, గోడ క్యాలెండర్ల మీదా అదే. ఇప్పుడు మన ఊళ్ల శివార్లలోనూ తెల్లరంగు కొట్టి, ఒక నీలి డోము నిలబెట్టి 'శాంటోరిని థీమ్' రిసార్టు అంటున్నారు. అగ్నిపర్వతం అంచున, ఆ నేలలో కలిసిపోయేలా ఇల్లు ఎలా కట్టుకోవాలో ఈ గ్రీకు దీవి తరతరాలుగా నేర్చుకుంది. ఆ ఇళ్లలో చాలా వాటిని తర్వాత అతిథుల బసలుగా మార్చుకుంది. ఆ విద్య ఎంత ఫొటోలో పడుతుందో, అంతకంటే ఎక్కువ పడకుండా పోతుంది.

అపోహ: నీలి గుమ్మటాల కింద ఉన్నవి హోటల్ గదులు.

వాస్తవం: అవి చర్చీలు. ఇళ్లకూ, బసలుగా మారిన పాత కట్టడాలకూ ఎక్కువగా ఉండేది పీపాను నిలువునా చీల్చి బోర్లించినట్టుండే కమాను కప్పు. అది అందం కోసం వచ్చింది కాదు. దీవిలో చెట్లు తక్కువ కాబట్టి దూలాలకూ వాసాలకూ కలప దొరకదు. కలప లేనిచోట రాయీ సున్నమూ వంపు తిరిగితేనే కప్పు నిలబడుతుంది.

అపోహ: గట్టి నల్లరాతిని తొలిచి అక్కడి గుహ గదులు చేశారు.

వాస్తవం: తవ్వింది రాతిని కాదు, బిగుసుకున్న బూడిదను. సుమారు 3,600 ఏళ్ల కిందట ఇక్కడి అగ్నిపర్వతం పేలింది. నడిమి భాగం కుంగి, సముద్రం లోపలికి వచ్చింది. మిగిలిన అంచుల మీద బూడిద, ప్యూమిస్ రాయి కొన్నిచోట్ల పదుల మీటర్ల మందాన పేరుకున్నాయి. ఈ పొర చేతి పనిముట్లకు లొంగేంత మెత్తన, తవ్విన గది నిలిచేంత బిగువు. ఇలా తవ్వుకున్న ఇళ్లను అక్కడివాళ్లు 'యిపోస్కఫా' అంటారు. స్థలమూ డబ్బూ తక్కువగా ఉన్నవాళ్లు, ఓడల్లో పనిచేసే నావికులు, కొండ అంచున ఉన్న కాస్త జాగాలో లోపలికి తవ్వుకుంటూ పోయారు. ఈనాడు ఒక్క రాత్రికి వేలకు వేలు పలికే గదికి మూలం పేదవాడి ఇల్లు.

అలాంటి ఇంటి ముందు నిలబడితే కనిపించే గోడ చాలా ఇరుకు. మధ్యలో తలుపు, అటూ ఇటూ చెరో కిటికీ, తలుపు పైన ఇంకో చిన్న కిటికీ. లోపలికి అడుగుపెడితే ముందు గది, దాని వెనక అడ్డుగోడ. ఆ గోడలోనూ అచ్చం అదే అమరిక, తలుపూ, పక్క కిటికీలూ, పై కిటికీ. వీధి వైపు నుంచి వచ్చిన వెలుగు మొదటి గోడ దాటి, రెండో గోడ దాటి వెనక పడకగదిలో పడుతుంది. పై కిటికీలోంచి వేడిగాలి బయటకు పోతుంది. వెలుగుకూ గాలికీ ఒకే ముఖం ఉన్న ఇంటికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు నేను చూడలేదు.

ఆ బూడిద పనికొచ్చేది తవ్వడానికి మాత్రమే కాదు. 'అస్పా' అనే ఈ మట్టిని సున్నంతో కలిపితే నీటిలో కూడా గట్టిపడే గచ్చు తయారవుతుంది. సూయజ్ కాలువ పనులకు ఈ దీవి నుంచి ఓడల్లో బూడిద తరలింది. మన మేస్త్రీలకు ఇది కొత్త సంగతేమీ కాదు. గానుగ సున్నంలో ఇటుక పొడి కలపడం వెనక ఉన్న రసాయనమూ ఇదే. రామగుండం, విజయవాడ థర్మల్ కేంద్రాల బూడిదతో ఇటుకలు చేస్తున్నామంటే అదీ ఇదే. శాంటోరిని నుంచి తెచ్చుకోవాల్సిన పాఠం ఏదైనా ఉంటే అది ఈ గచ్చులో ఉంది, నీలి పెయింటు డబ్బాలో లేదు.

ఇంకొక మాట. వికారాబాద్ వైపు మన నేల కూడా లావా నేలే, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కను బసాల్టు. పైన చాలాచోట్ల లాటరైట్ అనే ఎర్రరాయి ఉంటుంది. ఆ బసాల్టు బూడిద పొర కాదు, గట్టి రాయి. అక్కడ గుహ గది కావాలంటే ఆ గట్టి రాతినే తొలవాలి. అగ్నిపర్వతపు నేలలన్నీ ఒకటే అనుకుని శాంటోరిని నమూనాను అక్కడ దించితే ఆ నేలకు అన్యాయం చేసినట్టే.

అపోహ: తెలుపే అక్కడి అనాది రంగు.

వాస్తవం: ఊరంతా ఒకే తెలుపు కావడం ప్రధానంగా 20వ శతాబ్దపు సంగతి. దీవిలోని ఓయా అనే ఊళ్లో ఓడల యజమానులు కట్టుకున్న పెద్ద ఇళ్లు ఇటుక ఎరుపులో, పసుపు మట్టి రంగులో ఉండేవి, కొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి. సున్నం ఎండను తిప్పికొడుతుంది, అందులో సందేహం లేదు.

అపోహ: గుహ గదిలో ఏ ఏర్పాటూ అక్కర్లేదు, నేలే అన్నీ చూసుకుంటుంది.

వాస్తవం: మందపాటి బూడిద పొర వేసవి వేడినీ చలికాలపు చలినీ మెత్తబరుస్తుంది, ఇది నిజం. కానీ చెమ్మ చేరుతుంది. వెనక గదిలో గాలి ఆడకపోతే గోడలు బూజు పడతాయి. పాత గోడకు సిమెంటు పూసి, ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఆ చెమ్మ బయటకు పోయే దారి కూడా మూసుకుపోతుంది. ఊపిరాడే సున్నపు పూత, తెరుచుకునే పై కిటికీ, ఈ రెండూ లేని గుహ గది అతిథికి మంచిది కాదు.

అపోహ: సంప్రదాయ పద్ధతి అంటే పాత రూపంలో కొత్తవి కట్టడం.

వాస్తవం: 1956 జులై 9 తెల్లవారుజామున వచ్చిన పెద్ద భూకంపంలో 50 మందికి పైగా చనిపోయారు, ఎన్నో ఇళ్లు కూలాయి. చాలామంది దీవి వదిలి వెళ్లిపోయారు. ఓయాలో వీధులకు వీధులే పాడుబడ్డాయి. 1970ల్లో గ్రీకు జాతీయ పర్యాటక సంస్థ అలా వదిలేసిన ఇళ్లను బాగుచేసి అతిథి గృహాలుగా మార్చే పని మొదలుపెట్టింది. కొత్తగా కొండను తవ్వలేదు, ఉన్నదాన్నే నిలబెట్టింది. నా దృష్టిలో శాంటోరిని చేసిన అత్యుత్తమ పర్యాటక పని అదే. తర్వాత పుట్టుకొచ్చిన హోటళ్లు ఆ రూపాన్ని తీసుకున్నాయి, ఆ పొదుపును వదిలేశాయి. సుమారు 15,500 మంది ఉండే దీవికి 2023లో 34 లక్షల మంది వచ్చారని లెక్క.

అపోహ: కొండ అంచున ఈతకొలను ఉంటే ప్రకృతిలో కలిసిపోయినట్టు.

వాస్తవం: శాంటోరినిలో వాన అనంతపురం కంటే తక్కువ, అదీ దాదాపు అంతా చలికాలంలోనే. పాతకాలం వాళ్లు కప్పు మీద, వాకిట్లో పడ్డ ప్రతి చుక్కనూ వాకిలి కింద తవ్విన తొట్టిలోకి మళ్లించారు. ఒకరి కప్పే పై ఇంటివాళ్ల వాకిలి కావడంతో సున్నం వేసి శుభ్రంగా ఉంచడం ఇద్దరికీ అవసరమే. ఇప్పుడు గది గదికీ ఒక కొలను. ఆ నీటికోసం సముద్రపు నీటిని మంచినీరు చేయాలి, దానికి కరెంటు కావాలి. పైగా ఆ బరువంతా బూడిద కొండ అంచు మీద. 2025 ఫిబ్రవరిలో రోజుల తరబడి భూమి కంపిస్తుంటే వేలమంది పడవల్లో, విమానాల్లో దీవి విడిచారు. ఉండిపోయినవాళ్లకు అధికారులు చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి, ఈతకొలనులను ఖాళీ చేయమని.