మనోవ్యాధికి చికిత్స - దర్గా, దవాఖానా

మిర్యాలగూడ-కోదాడ రోడ్డు మీది గరిడేపల్లి ప్రాంతంలో ఒక మనిషి నిద్ర మాని, తనలో తాను మాట్లాడుకుంటూ, ఇంటివారినే శత్రువులుగా అనుమానించసాగితే, ఇరుగు పొరుగు మొదట అనే మాట "గాలి సోకింది" అని. ముస్లిముల ఇళ్ళలో "జిన్ను పట్టింది" అంటారు. వెంటనే ఆమిల్ వద్ద తావీజు, దమ్ చేసిన నీళ్ళు. తర్వాత పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా. ఏటా జనవరిలో ఉర్సు జరిగే ఈ దర్గాకు హిందువులు, ముస్లిములు కూడా మొక్కుబడులతో వస్తారు. డాక్టరు వంతు చిట్టచివర గాని రాదు.

దీన్ని వట్టి అజ్ఞానమని తోసిపుచ్చడం తేలిక. కాని దర్గాకు పోయినవాణ్ణి లోకం వేలెత్తి చూపదు. ఎర్రగడ్డ పేరే తిట్టుగా మారిన చోట, ఆసుపత్రి చీటీ బయటపడితే ఆడపిల్లకు సంబంధం రాదని తల్లిదండ్రులు భయపడటంలో వింతేముంది?

అయితే ఆలస్యానికి మూల్యం చెల్లించేది రోగియే. తమిళనాడులోని ఏర్వాడి దర్గా మహిమను నమ్మి వచ్చినవారిని ఉంచిన ఒక ప్రైవేటు గృహంలో 2001 ఆగస్టు 6న నిప్పంటుకొని 28 మంది మరణించారు. గొలుసులతో కట్టివేసి ఉన్నందున వారు తప్పించుకోలేకపోయారు. రోగిని గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను నిషేధించింది.

వైద్యం చేయించుకోవలసిందిగా దైవప్రవక్త (స) ఆదేశించారు. మతి తప్పినవానిపై విధుల భారం లేదని తెలిపారు. 934లో మరణించిన అబూ జైద్ బల్ఖీ శరీరారోగ్యాన్నీ, మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో చర్చించారు. 1284లో కైరోలో నెలకొన్న మన్సూరీ ఆసుపత్రిలో మనోరోగులకు ప్రత్యేక విభాగముండేది. దుఆకూ మందుకూ వైరముందని ఆనాటి ముస్లిములు అనుకోలేదు.

మరొక చిక్కు. ఈ మందులు గుణమివ్వడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే "పనిచేయలేద"ని మానేసేవారు కొందరు. నయం కాగానే ఆ ఘనత తావీజుకిచ్చి మాత్రలు ఆపేసేవారు మరికొందరు. రెండు విధాలా వ్యాధి తిరగబెడుతుంది. రమజానులో మరింత జాగ్రత్త కావాలి: లిథియం వాడేవారు నీళ్ళు లేకుండా ఉంటే రక్తంలో ఆ మందు పాలు ప్రమాదకరంగా పెరగవచ్చు. ఉపవాసానికి ముందే డాక్టరు నడగాలి. వ్యాధిగ్రస్తునికి షరీఅత్ మినహాయింపు ఉండనే ఉంది.

హైదరాబాదు దాకా పోలేనివారికి సూర్యాపేటలో 2019లో ఏర్పడిన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇల్లు కదలలేకుంటే 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ-మానస్ నంబరు 14416కు రాత్రింబవళ్ళు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. పేరు చెప్పుకోవడానికి జంకేవారు మొదట ఆ నంబరుకే చేయడం మేలు.