తొమ్మిదో చిప్ కథ

ఇంట్లో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయి, నీలం తెర చూపించి, తనంతట తానే మళ్లీ మొదలవుతుంటే మన దగ్గర మొదట వినిపించే మందు ఒకటే: ఫార్మాట్ కొట్టేద్దాం. వైరస్ పట్టిందనో, విండోస్ పాడైందనో అనుకుని డిస్క్ తుడిచేసి అంతా కొత్తగా ఎక్కిస్తారు. కొన్నాళ్లకు నీలం తెర మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే క్రాష్ సంగతి వేరు. పదే పదే వస్తూ, వచ్చిన ప్రతిసారీ వేరే కారణం చెప్పే క్రాష్ విషయంలో మాత్రం ముందుగా అనుమానించాల్సింది ర్యామ్‌ని. ఆ అనుమానం మనకు చప్పున రాకపోవడానికి కారణం ర్యామ్ జీవిత చరిత్రలోనే ఉంది. తన తప్పు తానే బయటపెట్టుకునే ఏర్పాటు తొలినాటి ఇంటి కంప్యూటర్లలో ఉండేది. ఖర్చు కలిసొస్తుందని తర్వాత దాన్ని తీసేశారు.

ఇవాళ్టి ర్యామ్‌కు మూలం 1966లో ఐబీఎం పరిశోధకుడు రాబర్ట్ డెన్నార్డ్‌కు తట్టిన ఆలోచన. ఒక బిట్ దాచడానికి ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ చాలన్నది ఆయన ప్రతిపాదన. దానికి 1968లో పేటెంట్ దక్కింది. కెపాసిటర్‌లో ఛార్జ్ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. నిర్మాణం ఇంత క్లుప్తం కాబట్టే ఒక్క చిప్‌లో వందల కోట్ల గదులు పట్టాయి, ధర అందుబాటులోకి వచ్చింది. చిక్కల్లా ఒక్కటే. ఆ కెపాసిటర్ చిల్లు కుండ లాంటిది, అందులో ఛార్జ్ నిలవదు. అందుకే ప్రతి గదినీ సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా చదివి, ఉన్నదాన్ని తిరిగి నింపాలి. చదవడంతోనే ఛార్జ్ చెదిరిపోతుంది కాబట్టి చదివిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. తయారీ లోపం వల్లో, వయసు మీదపడో, వేడికో ఏ గదిలోనైనా ఛార్జ్ మిగతావాటికంటే త్వరగా కారిపోతే అక్కడి ఒకటి కాస్తా సున్నా అవుతుంది. బయటి దెబ్బలూ ఉన్నాయి. చిప్ తొడుగుగా వాడిన పింగాణీలో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు కూడా బిట్‌ను తిప్పేయగలవని 1978లో ఇంటెల్ శాస్త్రవేత్తలు తిమోతీ మే, ముర్రే వుడ్స్ తేల్చారు.

జ్ఞాపకం తప్పు చేస్తుందన్న సంగతి ఇంజినీర్లకు అంతకు ముందే తెలుసు. ప్రతి ఎనిమిది బిట్లకూ తొమ్మిదోది చేర్చి, ఒకట్ల లెక్క సరియా బేసియా అన్నది దానిచేత గుర్తుపెట్టించడం పాత పద్ధతే. దాన్నే పారిటీ అంటారు. తప్పు జరిగిందని తెలిసినప్పుడు ఎక్కడ జరిగిందో కూడా కనిపెట్టి యంత్రమే దిద్దుకోకూడదా అన్న ప్రశ్నకు బెల్ ల్యాబ్స్ గణిత శాస్త్రవేత్త రిచర్డ్ హామింగ్ 1950లోనే జవాబు ప్రచురించారు. సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీకి పునాది ఆ జవాబే. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో మెమరీ చిప్‌లను వరుసకు తొమ్మిది చొప్పున పేర్చారు. ఎనిమిది సమాచారానికి, తొమ్మిదోది కాపలాకి. లెక్క తప్పితే తెర మీద ‘పారిటీ చెక్’ అన్న మాట వచ్చి యంత్రం ఆగిపోయేది. దోషి ఎవరో అప్పుడే తెలిసిపోయేది. 1990ల నడిమికి పోటీ పెరిగి, ధరలు తెగ్గోసుకోవాల్సి వచ్చింది. 1995 ప్రాంతంలో ఇంటి కంప్యూటర్లకు వచ్చిన చిప్‌సెట్లలో కొన్ని పారిటీని పట్టించుకోవడమే మానేశాయి. తొమ్మిదో చిప్ పోయింది.

కాపలా పోయాక తప్పుడు బిట్‌ను ఆపేవారు లేరు. అది ఒక చిరునామాలో భాగమైతే ప్రాసెసర్ లేనిచోటుకు వెళ్లి తడుముకుంటుంది. అప్పుడు విండోస్ అంతా ఆపేసి ‘పేజ్ ఫాల్ట్’ అంటుంది, మరోసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అంటుంది, ఇంకోసారి ఏ పాపం ఎరగని డ్రైవర్ పేరు చూపిస్తుంది. అంటే నీలం తెర చెప్పేది తప్పు బయటపడిన చోటు, పుట్టిన చోటు కాదు. ఫార్మాట్ పనిచేయకపోవడానికీ ఇదే కారణం. కొత్తగా ఎక్కించే ఫైళ్లు కూడా ఆ లోపమున్న ర్యామ్ మీదుగానే డిస్క్‌కు చేరాలి, దారిలో అవీ చెడిపోవచ్చు.

ఇలాంటి లోపాలు ఎక్కడో అరుదుగా వచ్చేవని కొట్టిపారేయడానికి లేదు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజినీర్లతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ సంస్థ సర్వర్లలోని ర్యామ్ కార్డుల్లో ఏటా 8 శాతానికి పైగా ఏదో ఒక తప్పు చేశాయి. చాలామట్టుకు అవి బయటినుంచి వచ్చిపడిన కణాల పని కాదనీ, కార్డులోనే ఉన్న లోపాలనీ వాళ్లు తేల్చారు. దాదాపు పది లక్షల వ్యక్తిగత కంప్యూటర్ల రికార్డులు పరిశీలించిన మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ 2011లో ఇంకో సంగతి బయటపెట్టింది. హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి క్రాష్ అయిన యంత్రం మళ్లీ క్రాష్ అయ్యే అవకాశం వంద రెట్ల వరకు ఎక్కువ. నిర్ణీత వేగాన్ని దాటించి నడిపితే ముప్పు పెరుగుతుందని కూడా తేలింది.

క్రాష్‌లలో ఎక్కువ భాగం డ్రైవర్ల వల్లే కదా అని అడగవచ్చు. నిజమే. అయితే డ్రైవర్ తప్పుకు ఒక తీరు ఉంటుంది. అదే పేరు, అదే సందర్భం: వీడియో కాల్ మొదలుపెట్టినప్పుడో, ప్రింటర్ తగిలించినప్పుడో. మెమరీ తప్పుకు ఆ నియమం లేదు. ఈ తేడా చూడటానికి నిపుణులే అక్కర్లేదు. ప్రతి క్రాష్‌కూ విండోస్ తన ఫోల్డర్‌లో రాసిపెట్టే మినీడంప్ ఫైళ్లను తగిన ప్రోగ్రామ్‌తో వరుసగా తెరిచి చూస్తే చాలు. పేర్లు మారుతుంటే మెమ్‌టెస్ట్86ను పెన్ డ్రైవ్ నుంచి రాత్రంతా నడపాలి. క్రిస్ బ్రేడీ 1994లో రాసిన ఈ ప్రోగ్రామ్ రకరకాల అంకెల వరుసలను ప్రతి గదిలోనూ రాసి, తిరిగి చదివి సరిపోల్చుతుంది. తప్పును చూపే ఎర్రగీత ఒక్కటి కనిపించినా సరిపెట్టుకోకూడదు. వేగం పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆపి, కార్డులు తీసి గట్టిగా అమర్చి, ఒక్కొక్కటిగా పరీక్షించాలి. తప్పు కార్డుతోపాటు కదిలితే దోషం కార్డుది, స్లాట్ దగ్గరే ఉండిపోతే మదర్‌బోర్డుది. పరీక్షలో ఏమీ దొరకలేదంటే మెమరీ నిర్దోషి అని రూఢి కాదు, అనుమానం తగ్గిందని మాత్రమే అర్థం. అప్పుడు వేడిని, పవర్ సప్లయ్‌ని చూడాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు.

ఇంటి కంప్యూటర్లలోనూ ఈసీసీ పెడితే ధర పెరుగుతుందన్నది తయారీదారుల వాదన. 64 బిట్లకు 8 బిట్లు అదనం, అంటే ఎనిమిదో వంతు. కుటుంబం ఫోటోలు, పిల్లల ప్రాజెక్టులు, పన్నుల లెక్కలు దాచుకునే యంత్రానికి అదేమంత భారం కాదు. డీడీఆర్5 రకం ర్యామ్ చిప్‌ల లోపల సొంత దిద్దుబాటు ఉన్న మాట నిజమే. కానీ అది జరిగిన తప్పును కంప్యూటర్‌కు చెప్పదు, చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో జరిగే తప్పును ఆపదు. కొత్త యంత్రం కొనేవాళ్లు ప్రాసెసర్ వేగంతోపాటు ఈసీసీ ఉందా అనీ అడగాలి. పాతది సతాయిస్తుంటే డిస్క్ తుడిచే ముందు ర్యామ్‌ని పరీక్షించాలి.