చిన్న పొట్ట, చిక్కని జావ

"పాప పాలు సరిగా తాగడం లేదు. కాస్త జావ పట్టండి, పప్పుకట్టు తాగించండి." పసిపిల్లలున్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినిపిస్తుంది. చెప్పేవారికి పాప మీద ఉన్నది ప్రేమే. అయితే ఈ సలహా ఏ వయసులో మంచిది? ఎలాంటి జావ మంచిది? పలుచని జావ పడితే పాపకు బలం పెరుగుతుందా, తగ్గుతుందా? జవాబు తెలుసుకోవడానికి మీరు బడిలో నేర్చిన లెక్కలూ, కొంచెం జీవశాస్త్రమూ చాలు.

ఆరు నెలలే ఎందుకు?

మన పెద్దలు సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో అన్నప్రాసన చేస్తారు. నేటి వైద్యశాస్త్రం చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంది. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు మాత్రమే చాలు, నీళ్లు కూడా అక్కరలేదు. ఆరు నెలలు నిండగానే మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. పాలు మాత్రం రెండేళ్ల దాకా, ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చు. ఈ గడువుకు కారణాలు బిడ్డ శరీరంలోనే ఉన్నాయి.

మొదటి కారణం నాలుక. పాలు కాక మరేదైనా నోట్లో పెడితే చంటిబిడ్డ నాలుక దాన్ని బయటికి నెట్టేస్తుంది. మీరు పాఠంలో చదివిన అసంకల్పిత ప్రతీకార చర్యలలో ఇది ఒకటి. నాలుగు, ఆరు నెలల మధ్య ఇది క్రమంగా తగ్గుతుంది. ఆ సమయానికే మెడ నిలుస్తుంది, ఆసరా ఇస్తే బిడ్డ కూర్చుంటుంది.

రెండవ కారణం జీర్ణరసం. పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైము పేరు అమైలేజ్. పుట్టినప్పుడు క్లోమగ్రంథిలో ఇది చాలా తక్కువగా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంది.

మూడవ కారణం ఇనుము. గర్భంలో ఉన్న చివరి మూడు నెలల్లో బిడ్డ తల్లి నుంచి ఇనుమును తీసుకుని నిల్వ చేసుకుంటుంది. తల్లిపాలలో ఇనుము బాగా ఒంటబడుతుంది గాని, దాని పరిమాణం చాలా తక్కువ. పుట్టిన ఆరు నెలల్లో బిడ్డ బరువు దాదాపు రెండింతలవుతుంది, రక్తమూ పెరుగుతుంది, నిల్వ ఉన్న ఇనుము ఖర్చవుతుంది. ఆ తర్వాత ఇనుము ఆహారం నుంచే రావాలి. తల్లికి రక్తహీనత ఉన్నా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా ఈ నిల్వ ఇంకా ముందే తరిగిపోతుంది.

ఆరు నెలల లోపు తక్కువ తాగితే?

అప్పుడు జావ మందు కాదు. బిడ్డ చీకే కొద్దీ తల్లి మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది, పాలు ఊరుతాయి. చీకడం తగ్గితే ఊరడమూ తగ్గుతుంది. జావతో పొట్ట నింపితే బిడ్డ ఇంకా తక్కువ చీకుతుంది, పాలు ఇంకా తగ్గుతాయి. కాబట్టి ఎక్కువసార్లు పాలివ్వడమే ఉపాయం. తల్లి కూలికో, ఫ్యాక్టరీకో వెళ్లవలసి వస్తే శుభ్రమైన గిన్నెలోకి పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు.

అసలు పాప తక్కువ తాగుతోందా, మనకలా అనిపిస్తోందా? రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే సాధారణంగా పాలు చాలుతున్నట్టే. అలా లేకపోయినా, బిడ్డ మందకొడిగా ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి.

పొట్ట లెక్క

ఇక ఆరు నెలలు దాటిన పాప సంగతి చూద్దాం. పసిబిడ్డ పొట్టలో కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. ఏడు కిలోల పాప పొట్టలో పట్టేది 210 మి.లీ., అంటే ఒక టీ గ్లాసు కంటే కొంచెం ఎక్కువ.

ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో బిడ్డకు రోజుకు సుమారు 600 కేలరీలు కావాలి. పాలు మామూలుగా తాగే బిడ్డకు అందులో 400 దాకా పాల నుంచి వస్తాయి. మిగిలిన 200 ఆహారం ఇవ్వాలి. పాలు తక్కువ తాగి 300 మాత్రమే పొందే బిడ్డకు ఆహారం నుంచి 300 రావాలి.

ఇప్పుడు పలుచని జావను లెక్క కట్టండి. 100 మి.లీ. జావలో 5 గ్రాముల పిండి ఉందనుకుందాం. ధాన్యం పిండి గ్రాముకు సుమారు 3.5 కేలరీలు ఇస్తుంది. అంటే 100 మి.లీ.కి 17 కేలరీలు. 200 కేలరీలు కావాలంటే పాప దాదాపు 1,200 మి.లీ. జావ తాగాలి. పొట్ట ఆరుసార్లు నిండాలి! ఇక పాలకు చోటెక్కడ?

ఇంకో సంగతి గమనించండి. 100 మి.లీ. తల్లిపాలలో సుమారు 65 కేలరీలు ఉంటాయి. ఆ పాలకు బదులు అంతే పలుచని జావ పడితే పాపకు ఒక్క పూటలో 48 కేలరీలు నష్టం. పప్పుకట్టు, గంజితేట సంగతీ ఇంతే. పొట్ట నిండుతుంది, ఏడుపు ఆగుతుంది, కాని ఒంటికి బలం చేరదు. పాలు తక్కువ తాగే పాపకు ఈ నష్టం మరీ ఎక్కువ. "అన్నీ పడుతున్నాం, అయినా బరువు పెరగడం లేదు" అనే ఇళ్లలో ముందుగా చూడవలసింది గిన్నెలోని చిక్కదనాన్ని.

అదే 100 మి.లీ.లో 20 గ్రాముల పిండి వేస్తే 70 కేలరీలు. అర చెంచా నూనెగాని నెయ్యిగాని కలిపితే మరో 20. రెండు పూటలకే 180 కేలరీలు వస్తాయి. ఇంకో నాలుగు చెంచాలు తింటే 200 పూర్తి.

తైద మొలకలోని కత్తెర

ఇక్కడొక చిక్కు ఉంది. 100 మి.లీ. నీళ్లలో 20 గ్రాముల పిండి ఉడికిస్తే అది జావ కాదు, గట్టి ముద్ద అవుతుంది. పిండిపదార్థపు అణువులు పొడవైన గొలుసుల వంటివి. వేడి నీటిలో పిండి రేణువులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, గొలుసులు ఒకదానితో ఒకటి అల్లుకుపోతాయి. ఆరు నెలల పాప దాన్ని మింగలేదు. అందుకే అమ్మ నీళ్లు పోసి పలుచన చేస్తుంది. అప్పుడు బలం పోతుంది.

ఈ చిక్కును విడదీసేది మన తైదలే. వీటినే కొందరు రాగులంటారు. గింజ మొలకెత్తేటప్పుడు లోపలి పిండిని మొలకకు ఆహారంగా మార్చడానికి అమైలేజ్ తయారవుతుంది. అది కత్తెరలా ఆ పొడవైన గొలుసులను తుంచుతుంది. తుంచిన గొలుసులు నీటిని అంతగా పట్టి ఉంచలేవు. జావ పలుచబడుతుంది, కాని అందులోని కేలరీలు అలాగే ఉంటాయి.

మీరే చేసి చూడండి. తైదలను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, ఒకటి రెండు రోజులు ఉంచండి. మొలకలు రాగానే ఎండలో బాగా ఆరబెట్టి, మొలకలు రాలేటట్టు నలిపి, పిండి చేయండి. మాడేటట్టు వేయించకండి, వేడికి ఎంజైము చెడిపోతుంది. తర్వాత టీచరు సహాయంతో బియ్యప్పిండి ముద్దను చిక్కగా ఉడికించి మూడు గిన్నెల్లో సమంగా పోయండి. థర్మామీటరులో 60 డిగ్రీల సెంటీగ్రేడు దాకా చల్లారనివ్వండి. మొదటి గిన్నెలో ఏమీ కలపకండి. రెండవ దానిలో అర చెంచా మొలకల పిండి కలపండి. మూడవ దానిలో, ముందుగా కొన్ని నీళ్లలో బాగా మరిగించిన అర చెంచా మొలకల పిండి కలపండి. పది నిమిషాల తర్వాత గిన్నెలను వంచి చూడండి. రెండవ గిన్నెలోనిది జారుగా పారుతుంది. మొదటిది, మూడవది ముద్దగానే ఉంటాయి. మూడవ దానిలో ఎందుకు మార్పు రాలేదో మీరే చెప్పగలరు.

పాపకు పెట్టేటప్పుడు మాత్రం మొలకల పిండి కలిపి పలుచబడిన జావను మళ్లీ ఒకసారి మరిగించి, చల్లార్చి పెట్టాలి. మొలకెత్తించడంలో సూక్ష్మజీవులు కూడా పెరిగి ఉండవచ్చు.

జొన్నలతో ఇదే పని చేయవచ్చా అని మీరు అడగవచ్చు. లేత జొన్న పైరు మేసి పశువులు చనిపోవడం రైతులకు తెలిసిన సంగతే. జొన్న మొలకల్లో సైనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది. కాబట్టి పసిపిల్లలకు తైద మొలకలే మేలు. మొలకెత్తని జొన్నల పిండికి ఈ భయం లేదు.

మన మెట్ట పొలాల బలం

జడ్చర్ల చుట్టుపక్కల మెట్ట పొలాల్లో తైదలు, జొన్నలు, కందులు, పల్లికాయ పండుతాయి. ఇక్కడి బాదేపల్లి మార్కెట్ యార్డుకు పల్లికాయ బస్తాలు రావడం మీలో చాలామంది చూసే ఉంటారు. ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పుల్లో ఎక్కువ. రెండూ కలిస్తే మాంసకృత్తుల లోటు తీరుతుంది. పల్లీలు నూనెను కూడా ఇస్తాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ సూత్రం మీదనే ఒక మిశ్రమాన్ని రూపొందించింది. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. పోషణ లోపించిన పిల్లల కోసం అది తయారు చేసిన 'హైదరాబాద్ మిక్స్'లో వేయించిన గోధుమలు 40 గ్రాములు, సెనగపప్పు 16 గ్రాములు, పల్లీలు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. మొత్తం 86 గ్రాములకు 330 కేలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు. ఖరీదైన డబ్బా ఆహారం లేకుండానే బిడ్డను నిలబెట్టవచ్చని ఇది చూపింది. ఇప్పుడు తెలంగాణ అంగన్‌వాడీలలో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతంలో కూడా వేయించిన గోధుమలు, సెనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. ఇంట్లో చేసుకునే ఉగ్గులో మాత్రం ఏడాది నిండేదాకా ఉప్పు, బెల్లం, చక్కెర కలపకపోవడమే మంచిది.

ఇనుము కోసం మెత్తగా ఉడికించి నూరిన కాలేయం లేదా మాంసం మేలైనవి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనలు కూడా ఆరు నెలలు దాటిన పిల్లలకు గుడ్డు, మాంసం, చేప వంటివి రోజూ పెట్టమంటున్నాయి. మాంసం తినని ఇళ్లలో పప్పు, ఆకుకూర మెత్తగా ఉడికించి నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే, అందులోని సి విటమిను ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది.

మరిచిపోకూడనివి

మొదట రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, రోజుకు రెండు మూడు పూటలకు పెంచాలి. తొమ్మిది నెలల నుంచి మూడు నాలుగు పూటలు పెట్టాలి. ఏడాది నిండేసరికి ఇంట్లో అందరూ తినేదే మెత్తగా చేసి పెట్టవచ్చు.

కొత్త రుచిని పాప ఉమ్మేస్తే అది ఇష్టం లేదని తీర్మానించకండి. అదే ఆహారాన్ని ఎనిమిది పది సార్లు రుచి చూపవలసి రావచ్చు. ముక్కు మూసి, కాళ్లమీద వేసుకుని బలవంతంగా పోయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

పల్లీలను మెత్తని పొడిగా తప్ప గింజలుగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. బూజు పట్టిన పల్లీల్లో విషం ఉంటుంది, వాటిని పారేయాలి. ఏడాది లోపు తేనె నాకించకూడదు, అందులో ప్రమాదకరమైన బాక్టీరియా బీజాలు ఉండవచ్చు. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు. పాలసీసా కంటే గిన్నె, చెంచా కడగడం సులువు. వండే చేతులు, తినిపించే చేతులు సబ్బుతో కడగాలి.

ఇక మీరు చేయగల పని ఒకటుంది. అంగన్‌వాడీలో పాప బరువు తూచి గ్రాఫు మీద చుక్క పెడతారు. ఆ చుక్కలను కలిపిన గీతను చదవడం మీకు వచ్చు. గీత పైకి పోతుంటే పాప పాలు తక్కువ తాగుతున్నట్టు అనిపించినా కంగారు పడనక్కరలేదు. గీత అడ్డంగా సాగినా, కిందికి వంగినా ఇంట్లో పెద్దలకు చూపించండి, ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లమని చెప్పండి. ఆ రోజే పాప గిన్నెలో చెంచా వంచి చూడండి. నీళ్లలా కారిపోతోందా, చెంచాకు అంటుకుని నెమ్మదిగా జారుతోందా?