కాలు దాచుకోవద్దు

ఆ మధ్య మధురలో, నాయకరాజుల కాలంనుండి కాపురమున్న మన తెలుగువారి ఇంటికి పెండ్లిపిలుపుమీద వెళ్ళాను. ఇంటి అవ్వ చాపమీదనుండి లేవలేదు. కుచ్చెళ్ళు కుడికాలి మీదికి లాక్కుని, "నేను మంటపానికి రాను నాయనా! ఈ కాలు చూస్తే మగపెండ్లివారు మనుమరాలిని కూడా అనుమానిస్తారు" అన్నది. ఆమెది బోదకాలు. అరవంలో యానైక్కాల్ అంటారు.

ఆ భయానికి ఆధారం లేదు. బోదకాలు వంశంలో వచ్చేది కాదు, తాకితే అంటేది కాదు, పాపఫలం అంతకన్నా కాదు. మురుగునీటిలో పెరిగే దోమ ఒకరినుండి మరొకరికి చేర్చే సన్నని పురుగు దీనికి కారణం. ఆ పురుగు దోమలో పెరగడం 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు కనిపెట్టాడు. దాని పిల్లలు రాత్రివేళ నెత్తురులో తిరుగుతాయి. 1955లో మన దేశంలో ఫైలేరియా నివారణ పథకం మొదలయింది. సిబ్బంది రాత్రిపూట వచ్చి వేలినుండి నెత్తురుబొట్టు తీసుకునేది అందుకే.

మన శరీరంలో నెత్తురునాళాలతోపాటు లింఫు అనే తేటనీటిని మోసే నాళాలూ ఉన్నాయి. పురుగు చేరి అవి చెడితే నీరు కాలిలో నిలిచిపోతుంది. మందు పురుగుపిల్లలను చంపుతుంది; ముదిరిన వాపును మాత్రం పూర్తిగా తీయలేదు. అక్కడినుండి పని మన చేతిలోనిది.

రోజుకు రెండుసార్లు సబ్బుతో, చల్లనినీటితో కాలు మెల్లగా కడగాలి. వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో తడి లేకుండా ఒత్తాలి. పగుళ్ళకు, పుండ్లకు డాక్టరు చెప్పిన మందు రాయాలి. సూక్ష్మజీవులు ఆ సందులనుండే లోపలికి పోయి చలిజ్వరం తెప్పిస్తాయి. జ్వరం వచ్చినప్పుడల్లా వాపు పెరుగుతుంది. కూర్చున్నా పడుకున్నా కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. మడమ పైకీ కిందికీ ఆడించాలి. ఒరుసుకోని చెప్పులు తొడగాలి. కోయంబత్తూరు మిల్లులలో గంటలతరబడి నిలబడే మనవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

కాలు ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే తడిగుడ్డ వేసి, విశ్రాంతిగా పడుకుని, ఆనాడే డాక్టరును పిలవాలి. వాతలు, మర్దనలు, కోతలు వద్దు.

రొమ్ము కాన్సరుకు శస్త్రచికిత్స జరిగి, చంకలోని లింఫుగ్రంథులు తీసివేసిన సోదరీమణులకు చేయి వాచవచ్చు. అదీ ఈ కోవలోదే. వాపు మొదలైన రోజునే డాక్టరుకు చూపితే పట్టీతో, వ్యాయామంతో అదుపులో ఉంటుంది.

అవ్వకు ఇదంతా చెప్పి వచ్చాను. మరునాటినుండి మనుమరాలే ఆమె కాలు కడిగిందట. పెండ్లినాడు అవ్వ ముందువరుసలో, కాలు పీటమీద పెట్టుకుని కూర్చుని అక్షింతలు వేసింది. కాలు సన్నబడలేదు, జ్వరం మాత్రం రాలేదు. మగపెండ్లివారి పెద్దావిడ పక్కకు జరిగి, "మా చెల్లెలికీ ఇదే వదినా, ఎట్లా కడుగుతారో చెప్పండి" అని అడిగింది.